మీకు తెలుసా? సున్నా లేయర్ తమాషా
జంషెడ్‌పూర్ నగర ప్రణాళికను 1920 ప్రాంతంలో ఎఫ్.సి. టెంపుల్, 1940లలో ఒట్టో కోనిగ్స్‌బెర్గర్ రూపొందించినప్పుడు కంప్యూటర్ ఊసే లేదు. ఇప్పుడు అలాంటి పటాన్ని ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీస్తే రోడ్లు ఒక లేయర్‌లో (పొరలో), నీటి పైపులు మరోదాంట్లో ఉంటాయి. వీధి దీపం గుర్తును ఒక్కసారి గీసి బ్లాక్‌గా చేస్తే చాలు. ఆ మూలాన్ని మారిస్తే పటంలోని దీపాలన్నీ మారతాయి.

అసలు తమాషా ప్రతి పటంలోనూ ముందే ఉండే ‘0’ లేయర్‌ది. దాన్ని తొలగించలేం, పేరూ మార్చలేం. బ్లాక్‌లోని గీతలు దానిమీద ఉండి, రంగు ‘బైలేయర్’ (లేయర్ రంగే గీత రంగు) అయితే, బ్లాక్‌ను ఏ లేయర్‌లో పెడితే ఆ రంగు తెచ్చుకుంటాయి. అందుకే బ్లాకులు సున్నాలో గీయడం మంచి అలవాటు.

ఖాళీగా కనిపించే లేయర్ కూడా ఒక్కోసారి చెరపబోతే మొరాయిస్తుంది. తెరమీద ఎక్కడా లేని బ్లాక్ నిర్వచనంలో దాని గీత ఒకటి దాగి ఉంటుంది మరి! ముందు ‘పర్జ్’ ఆదేశంతో వాడని బ్లాకులను ఊడ్చేయాలి. ఇక కొలతలు వేయగానే తనంతట పుట్టే ‘డెఫ్‌పాయింట్స్’ లేయర్‌లో ఏం గీసినా ప్రింటులో రాదు. ప్రింటర్‌ను తిట్టేముందు ఆ లేయర్‌ను ఓసారి చూడండి.