ఇంజను వేడి చెప్పే చిన్న ఇత్తడి ముక్క

సోలాపూర్‌లో మిల్లులు మూతపడ్డాక మన పిల్లలు కొందరు స్టీరింగు పట్టుకున్నరు. పాత మారుతి వ్యాను అప్పు మీద కొనుక్కొని స్కూలు పిల్లల్ని తిప్పుతరు, ఆదివారం తుల్జాపూర్ కిరాయి కొడ్తరు. అసొంటి ఇంట్ల బండి నాల్గు రోజులు గ్యారేజీల పడితే ఆ నెల కిస్తీ ఆగుతది. అందుకే ఈ ముచ్చట రాస్తున్న.

మా వెనక గల్లీ పిల్లగాడి వ్యాను పొద్దున ఎంత సెల్ఫు కొట్టినా లేవకపోయేది. లేచినంక నల్లపొగ, పెట్రోలు వాసన. ఫ్యాను మాత్రం చల్లగున్నప్పుడు కూడ తిరుగుడే. గ్యారేజీల ఇంజను పని చెప్పి, వేలల్ల లెక్క చెప్పిన్రు. ఇంజను ఇప్పకముందు చూడవల్సింది ఒకటుంది.

కార్బ్యురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ వచ్చిన బండ్లల్ల పెట్రోలు ఎంత పోయాలన్నది కంప్యూటరు చూసుకుంటది. ఇంజను చల్లగుంటే ఎక్కువ, వేడెక్కితే తక్కువ. ఆ వేడి సంగతి దానికి చెప్పేది కూలెంట్ టెంపరేచర్ సెన్సర్. వేలెడంత ఇత్తడి ముక్క, ఎక్కువగా థర్మోస్టాట్ దగ్గర బిగించి ఉంటది. అది చెడిపోయి “చల్లగుంది, చల్లగుంది” అంటే కంప్యూటరు పెట్రోలు పోస్తనే ఉంటది. మిల్లుల సైజింగు ఖాతాల చేసినోళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. గంజి తొట్టిల థర్మామీటరు తప్పు చూపిస్తే నూలంతా పాడు, తప్పేమో నూలుది కాదు.

చాన బండ్లల్ల మీటరు సూదికి వేరే సెన్సర్ ఉంటది, దానికి ఒకటే వైరు. కంప్యూటరుది రెండు వైర్లది. కొన్నిట్ల రెండు పనులూ ఒక్కటే చేస్తది. సూది సరిగ్గుంది కాబట్టి సెన్సర్ మంచిదే అనుకోవద్దు.

ముందుగాల, ఇంజను పూరాగ చల్లారినప్పుడే మూత తీసి కూలెంట్ చూడాలె. వేడి మీద మూత తీస్తే మొఖం కాలుతది. కూలెంట్ తగ్గితే సెన్సర్ గాలిల ఉండి తప్పు లెక్క చెప్తది. ఇంకోటి, కొందరు మిస్త్రీలు “వేడి కాదు” అని థర్మోస్టాట్ వాల్వు తీసి పారేస్తరు. అట్ల తీస్తే ఇంజను వేడెక్కనే వేడెక్కదు, పెట్రోలు తాగుతది. అప్పుడు సెన్సర్ చెప్పేది నిజమే, దాన్ని మార్చి లాభం లేదు. ఈ అలవాటు నాకైతే అస్సలు నచ్చదు.

స్కానరు ఉన్నోళ్ళ దగ్గర పొద్దున చల్లటి ఇంజనుకు పెట్టి చూడుండ్రి. బయటి గాలి ఎంతనో సుమారు అంతే చూపాలె. మైనస్ 40 చూపితే వైరు తెగిందో, ప్లగ్గు ఊడిందో, సెన్సర్ లోపల పోయిందో అన్నట్టు.

స్కానరు లేకపోతే మామూలు మల్టీమీటరు చాలు. ప్లగ్గు పీకి, సెన్సర్ రెండు పిన్నుల మధ్య ఓమ్స్ చూడాలె. గది వేడికి చాన బండ్లల్ల రెండు మూడు వేల ఓమ్స్ ఉంటది, 80 డిగ్రీలకు మూడొందల దగ్గరికి దిగుతది. వేడి పెరిగిన కొద్దీ అంకె మెల్లగ దిగాలె. కదలకపోయినా, మధ్యల ఎగిరినా సెన్సర్ పోయినట్టే. అంకె మంచిగుంటే తాళం తిప్పి వైరు వైపు ప్లగ్గుల చూడుండ్రి, సుమారు 5 వోల్టులు రావాలె. ఆ పిల్లగాడి ప్లగ్గు లోపల పచ్చటి చిలుము పట్టింది, సెన్సర్ కూడ అంకె కదలకుండ ఉంది. రెండూ ఒకేసారి.

మార్చుడు పెద్ద పని కాదు. బ్యాటరీ మైనస్ వైరు ఇప్పి, కొంత కూలెంట్ కింద గిన్నెల పట్టి, పాత సెన్సర్‌ను పానాతో ఇప్పాలె. కొత్తదానికి కొత్త వాషరు వేసి, చేత్తో మర ఎక్కించినంక పానా పెట్టాలె. గట్టిగ తిప్పితే ఇత్తడి మర తెగుతది, అల్యూమినియం హౌసింగు కూడ పాడైతది. కూలెంట్ నింపి, గాలి బుడగలు పోయేదాక ఇంజను నడిపి, చల్లారినంక మట్టం మళ్ళ చూడాలె.

పట్టిన కూలెంట్‌ను మోరీల పోయొద్దు, గిన్నె వాకిట్ల పెట్టొద్దు. అది తియ్యగుంటది, కుక్కలు నాకుతయి, చిన్నపిల్లలు నోట్ల పెట్టుకుంటరు. అది విషం. ఆ గిన్నెను మళ్ళ వంటింట్లకు కూడ తేవద్దు.