టేకు దాచిన కార్తెలు

కొండకర్ల ఆవలో దోనె ఎక్కేముందు ఒకసారి వంగి దాని అంచు చూడండి. నల్లటి ఇనపతీగల్లాంటి నారలు, వాటి మధ్య గోధుమరంగు బెండు. ఎంత వెతికినా వలయం ఒక్కటీ కనబడదు. అచ్యుతాపురం మండలంలోని ఈ మంచినీటి సరస్సు మీద తాటిదోనెలు రెండేసి జతకట్టి మనల్ని తామరాకుల మధ్యకు తీసుకెళ్తారు. తాటిమొద్దును చీల్చి, లోపలి మెత్తదనాన్ని తొలిచేస్తే దోనె. టేకుమొద్దుతో ఇంత సులువుగా చెయ్యమనండి చూద్దాం!

మామిడికీ, వేపకీ, టేకుకీ బెరడు కింద పలుచని జీవపొర ఉంటుంది. అది లోపలికి చెక్కనీ, బయటికి బెరడునీ పేర్చుకుంటూ పోతుంది. నడుమ మిగిలిపోయిన పాతచెక్క చేవ అవుతుంది. తాటికి ఆ పొర లేదు. తాటి వరికీ వెదురుకీ చుట్టం. కాండం లావు తేలాక ఇక పైకి పోవడమే దాని పని. అందుకే దాని గట్టిదనమంతా బయట, మెత్తదనమంతా లోపల. తాటిచెట్టు ఏళ్ల లెక్క రాసుకోదు కాబట్టే ఆవ మీద దోనె తేలుతోంది.

ఇక్కణ్ణుంచి తీరంలోని పూడిమడక దాకా కనుచూపుమేర తాళ్లు, కొబ్బరులు, సరుగుడు తోపులు. మొదటి రెండింటికీ ఏళ్ల లెక్కే లేదు. సరుగుడుకి ఉన్నా స్పష్టంగా ఉండదు, పైగా అది ముదిరేలోపే గుంజలైపోతుంది. చెట్టులో చరిత్ర వెతికేవాడికి ఇంత బీద ఊరు దొరకదేమో అనిపిస్తుంది. ఇలాంటి వేడి నేలలన్నిటి గురించీ శాస్త్రవేత్తలు చాలాకాలం అనుకున్నది ఇదే. చలిదేశాల్లో శీతాకాలం చెట్టును నిద్రపుచ్చుతుంది, వసంతం లేపుతుంది, ఆ నిద్రకూ మెలకువకూ మధ్య గీతే వలయం. మంచు ఎరుగని చెట్టు నిద్రపోయేదెప్పుడు?

దాహం వేసినప్పుడు.

టేకును చూస్తే తెలుస్తుంది. ఎండలు ముదిరేసరికి ఆకంతా రాల్చి, జీవపొరను పడుకోబెట్టేస్తుంది. మృగశిర కార్తెలో తొలకరి పడ్డాక కొత్తచెక్క మొదలవుతుంది. మొదట వచ్చేవి కంటికి కనబడేంత పెద్ద నీటిగొట్టాలు, వరసగా, చుట్టూ పూసలు గుచ్చినట్టు. ఆ తర్వాత బిగువైన చెక్క, చిన్న రంధ్రాలు. మళ్లీ ఎండ, మళ్లీ నిద్ర. వడ్రంగి చిత్రిక పట్టగానే పలక మీద తేలే ఆ అందమైన గీతలు ఎండాకాలాలూ తొలకరులూ వేసినవే. తురకవేప కూడా ఇలాగే నిక్కచ్చిగా రాస్తుంది. మన దేశపు చెట్లలో ఈ చుట్లు ఎలా ఏర్పడతాయో 1930ల చివర్లోనే దెహ్రాదూన్ అటవీ పరిశోధనా సంస్థలో కె.ఎ. చౌదరి శ్రద్ధగా గమనించి రాశారు.

అంతకన్నా ముందే, 1931లో, బెర్లాగె అనే డచ్చి శాస్త్రవేత్త జావా టేకు చుట్లను 1514 నుంచి 1929 దాకా వరసపెట్టి ప్రకటించాడు. ఆ వరసలో మొదటి చుట్టు పడ్డ రెండేళ్లకు, 1516లో, కృష్ణదేవరాయలు మన సింహాచలంలో శాసనం వేయించాడు. రాయిమీద రాసింది చదవడానికి పండితులున్నారు. చెక్కమీద రాసింది చదవడమే ఆలస్యమైంది. 2010లో పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థవారు కేరళ టేకుల నుంచి 523 ఏళ్ల వరస అందించారు. 1481 నుంచి 2003 దాకా. వర్షాలు ముఖం చాటేసిన ఎల్‌నినో ఏళ్లు అందులో సన్నటి చుట్లుగా కనిపించాయి.

వానలు లేని ఏళ్లను మనుషులూ గుర్తుపెట్టుకున్నారు. 1876 కరువుకు మనవాళ్లు ఆ ఏటి పేరే పెట్టి ధాత కరువన్నారు. మన అరవై పేర్ల చక్రం మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి, ఏ ధాత అని అడగాల్సి వస్తుంది. చెట్టుకు ఆ చిక్కు లేదు. దాని చుట్టు తిరిగి మొదటికి రాదు, బయటికే పోతుంది.

అయితే చెట్టును కళ్లు మూసుకుని నమ్మడానికీ లేదు. వానాకాలం నడిమధ్య రోజుల తరబడి చినుకు పడకపోతే చెట్టు కంగారుపడి గీత గీసేస్తుంది. మళ్లీ వాన రాగానే కొత్తచెక్క మొదలు. అది దొంగచుట్టు. మన తీరానికి నైరుతి ఒక వాన, చిత్త, స్వాతి కార్తెల తుపాన్లు మరో వాన. చెట్టు తికమకపడిందంటే తప్పెవరిది? మరీ గడ్డుకాలంలో కొన్ని చెట్లు కాండానికి ఒక పక్కనే చుట్టు వేసి రెండో పక్క ఎగ్గొడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేసిన తర్వాత వీధివీధినా రంపాలు మోగాయి. కోసిన మొద్దుల మీద వేలుపెట్టి వయసు చెప్పబోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అదెంత అమాయకత్వమో తర్వాత తెలిసింది.

నిజంగా చదివేవాళ్లు ఒక్క చెట్టు సాక్ష్యం తీసుకోరు. పెన్సిలుకన్నా సన్నటి కడ్డీని చెట్టు పెరుగుదలకు అడ్డం రాకుండా తొలిచి తీసి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, పది చెట్ల కడ్డీలు పక్కపక్కన పెట్టి వెడల్పు, వెడల్పు, సన్నం అనే లయ కలిసేదాకా జరుపుతారు. అనుమానం తీరకపోతే 1960ల అణుపరీక్షలు ఆదుకుంటాయి. ఆ రోజుల్లో గాలిలో ఎగదన్నిన రేడియోకార్బన్‌ను ప్రతి చెట్టూ తన చెక్కలో దాచుకుంది. ఆ చెక్క ఎక్కడుందో తేలితే, అక్కణ్ణుంచి బెరడు దాకా చుట్లు సరిపోతున్నాయో లేదో లెక్క తేల్చవచ్చు. పాపపు పనికి ఇదో విచిత్రమైన ఉపయోగం. 2016 నాటికి ఏటేటా చుట్టు వేసే ఉష్ణమండల వృక్షజాతులు 230కి పైగా తేలాయి.

అచ్యుతాపురం చుట్టుపక్కల ఫ్యాక్టరీలొచ్చాక రోడ్లు వెడల్పయ్యాయి. పాత పెంకుటిళ్లు కూలాయి. ద్వారబంధాలు పాతకలప కొట్టుకు చేరాయి. పసుపు ఆనవాళ్లు ఇంకా పోని ఒక టేకు గడపను తిరగేసి, ఇన్నాళ్లూ గోడలో దాగిన దాని కొన చూశాను. నీటితో తుడిస్తే చుట్లు తేలాయి. గోటితో ముప్పై ఏడు దాకా లెక్కపెట్టాను. అక్కడ కొన్ని వరసగా సన్నగా, ఒకదాని మీద ఒకటి పడ్డట్టు ఉన్నాయి. ఆ తర్వాత వెడల్పాటివి రెండు. ఆపైనవాటిని వడ్రంగి బెరడుతోపాటు చెక్కేశాడు. చివరి చుట్టు ఏ ఏటిదో చెప్పేది ఆ పోయిన ముక్కే.