లండను అర్థశాస్త్ర విద్యాలయము



అరణ్యపర్వమున సత్యభామ ద్రౌపదిని, పతులు ఆమెకెట్లు వశులైరని యడిగినది. ద్రౌపది మంత్రౌషధముల మాటను నిరసించి తన దినచర్యను వివరించినది. పాండవుల కోశమునకు వచ్చు ఆదాయమును, పోవు వ్యయమును సమగ్రముగా నెరిగినది తానొక్కతెయే యని కూడ చెప్పినది. పురాణకాలక్షేపములలో దీనిని వినుచు మనము పాతివ్రత్యమును గ్రహించితిమి గాని, లెక్కల మాటను విడిచితిమి. కౌటిల్యుడు విద్యలు నాలుగని చెప్పి, కృషి, పశుపాలన, వాణిజ్యములతో కూడిన దానికి వార్త యని పేరిడెను. నేటి అర్థశాస్త్రము చాలవరకు ఆ వార్తయే. దానిని నేర్పుటకై లండను నగరమున వెలసిన యొక విద్యాలయమును గూర్చి యిచట వ్రాయుచున్నాను. దాని పుట్టుకలో నొక స్త్రీ చేయి కలదు.

ఆమె పేరు బియాట్రిస్ వెబ్. ఐశ్వర్యవంతుల యింట పుట్టియు, పేదల బ్రతుకు కన్నులార చూడవలెనని వేషము మార్చుకొని, లండను తూర్పుపేటలో షరాయిలు కుట్టు కూలివారి నడుమ కూర్చుండి పనిచేసినది. భర్త సిడ్నీ వెబ్. 1894లో డార్బీ పట్టణపు న్యాయవాది హెన్రీ హంట్ హచిన్‌సన్ మరణించి, తన ధనములో నధికభాగమును లోకహితమునకై సిడ్నీ మొదలగువారి చేతులలో నుంచెను. అది యిరువదివేల పౌనులని చెప్పుదురు. ఆ యేటి ఆగస్టు 4వ తేదీ యుదయమున, సర్రీ మండలమందలి బరో ఫార్మ్ అను పల్లెయింట, ఆ దంపతులును వారి మిత్రులు గ్రాహం వాలస్, బెర్నార్డ్ షాలును ఫలాహారమునకు కూర్చుండిరి. అచట నీ విద్యాలయపు తలంపు పుట్టినది. ఉపన్యాసములకును కరపత్రములకును ధనము వెచ్చించుట కంటె, దారిద్ర్యమునకు కారణమేమో నిదానముగా పరిశోధించు చోటొకటి యుండుట మేలని వెబ్ దంపతులు తలచిరి.

1895 అక్టోబరులో అద్దె గదులలో పాఠములు మొదలయ్యెను. షాలట్ పేన్-టౌన్‌షెండ్ అను ధనవంతురాలు గ్రంథాలయమునకు ధనసాయము చేసి, పాఠశాల మీది యంతస్తులను తానే యద్దెకు తీసికొనెను. ఈమెయే పిదప షాకు భార్య యైనది. 1900లో ఈ పాఠశాల లండను విశ్వవిద్యాలయమున చేరెను. 1902లో క్లేర్ మార్కెట్టు వీధిలో సొంత భవనము నందెను.

తొలిదినము నుండియు స్త్రీపురుషులకు ప్రవేశము సమానమే. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము స్త్రీలకు పూర్తి పట్టము లిచ్చుటకు 1948 వరకు ఆగినదని తలచుకొన్నచో ఇది యెంత సాహసమో తెలియును. ఇచట లిలియన్ నోల్స్, ఐలీన్ పవర్ అను విదుషీమణులు ఆర్థికచరిత్రాచార్యులై బోధించిరి. అయినను శాశ్వతాధ్యక్షపదవి స్త్రీకి దక్కుటకు 2017 వరకు వేచియుండవలసి వచ్చినది. ఆ స్త్రీ ఈజిప్టున జన్మించిన మినూష్ షఫీక్.

ఈ విద్యాలయమునకును మనకును గల బంధము పాతది. 1912లో దారిద్ర్యపరిశోధనకై ధనమిచ్చినవారు మన దేశపు సర్ రతన్ టాటా. 1916లో అంబేద్కరు మహాశయుడు అచట చేరెను. బరోడా సంస్థానపు విద్యార్థివేతనము ముగియుటచే మరుసటి యేడు చదువు నడుమ తిరిగి వచ్చెను. ఉపాధ్యాయుడై కూడబెట్టిన ధనముతోను, మిత్రుల యప్పుతోను, 1920లో మరల పోయి, 1923లో రూపాయి సమస్యపై వ్రాసిన గ్రంథమునకు డాక్టరు పట్టము నందెను. ఆ యేండ్లలో బొంబాయిలో పిల్లలతో పస్తుల కోర్చి సంసారము నీడ్చినది రమాబాయి. పట్టముపై ఆమె పేరు లేదు గాని, దాని వెలలో సగమామెయే చెల్లించినది.

రూపాయి సమస్య మన పెద్దమ్మలకు క్రొత్త కాదు. నిజాం రాజ్యమున హాలీ సిక్కా, కృష్ణ దాటిన కర్నూలు సీమలో కల్దారు చెల్లుచుండెను. ఇంచుమించు ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. ఏ బడియు నెరుగని స్త్రీ సంతలో బట్టతాను కొనుచు ఈ మారకమును వ్రేళ్లపై గుణించెడిది.

మన పాలమూరు, నల్లగొండ మెట్టసీమలలో నేడును అడుగవలసిన ప్రశ్నలు పెక్కులున్నవి. మేస్త్రీ యిచ్చు అడ్వాన్సుకు లోబడి పాలమూరు కూలీలు దేశమంతట ఆనకట్టలు కట్టిరి. తమ పొలమున మాత్రము నీరు లేకపోయెను. ఇది వానల దోషమా? అప్పుల దోషమా? పాలకుల దోషమా? కార్యములకు కారణము తెలిసికొనవలెననుటయే ఆ లండను విద్యాలయపు ధ్యేయవాక్యమునకు భావము.

మొన్న మా వీధిలోని కిరాణా దుకాణమువారి గృహిణి నాయొద్దకు వచ్చినది. కుమార్తె బి.కాం. మొదటి శ్రేణిలో గడచినది. ఆ లండను చదువునకే పోవలెనని పట్టుదల. దళారి యొకడు ప్రభుత్వపు విద్యానిధి యున్నది గదా యని రెండెకరముల పొలము తాకట్టుకు తొందరపెట్టుచున్నాడట. ఇద్దరము కాగితము తీసికొని లెక్క వేసితిమి. ఒక్క సంవత్సరపు పై చదువునకు జీతము, బస, భోజనము కలిసి నలుబది లక్షలకు పైబడును. అంబేద్కరు పేరనో, ఫూలే పేరనో అర్హులకు తెలంగాణ ప్రభుత్వ మిచ్చు విద్యానిధి యిరువది లక్షల వరకు. తక్కిన యిరువది లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో, నెలకు నలుబదివేలు, ఏటికి నాలుగు లక్షల యెనుబదివేలు వడ్డీకే పోవును. రెండు రూపాయలనగా చిన్నదిగా వినబడును. ఏటికది నూటికి ఇరువది నాలుగు! ఆ తల్లి కొంతసేపు మాటాడలేదు.

చదువు మానుమని నేను చెప్పలేదు. ఆ శాస్త్రము దగ్గరను కలదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రశాఖ యున్నది. ఢిల్లీలో 1949లో వి.కె.ఆర్.వి. రావుగారు స్థాపించిన ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఉన్నది. నల్లగొండకును పాలమూరునకును సొంత విశ్వవిద్యాలయములు వచ్చినవి. ఇచట పట్టము పొంది, పూర్తి విద్యార్థివేతనము సంపాదించుకొని, ఆ పిమ్మట లండను పోవుట అవమానము కాదు.

పొలము తాకట్టు పడలేదు. ఆ బాలిక హైదరాబాదు ప్రవేశపరీక్షకు చదువుచున్నది. నాటి రాత్రి నుండి దుకాణపు ఖాతాపుస్తకమును తల్లియు కూతురును కలిసి చూచుచున్నారట. ఇన్నేండ్లలో ఆ పుస్తకమును తాను తెరచుట అదే మొదటిసారి యని ఆ తల్లి నాతో చెప్పినది.