ఒకే మందు, వేర్వేరు వంశములు

రెండు వరి రకములను ప్రక్కప్రక్కన నాటి, రెంటికిని సమానముగా అమ్మోనియం సల్ఫేటు వేసి చూచినవారికి ఒక సంగతి తెలియును. పొట్టిరకము దుబ్బు కట్టి నిండుగా వెన్ను వేయును. పొడుగురకము గాలికి పడిపోయి గింజను నేలపాలు చేయును. ఎరువు ఒక్కటే, భేదము విత్తనములోనిది. మందుల విషయమునను ఇట్టి భేదము కలదు.

కీళ్ళనొప్పులకు మనవారు మ్రింగు ఆస్పిరిను, వాపును పుట్టించు పదార్థములు దేహమున తయారు కాకుండ అడ్డుపడును. ఆ పదార్థములే పెద్దప్రేగులో కంతులు పెరుగుటకును తోడ్పడును. కావున దానిని చిరకాలము వాడినవారిలో పెద్దప్రేగు క్యాన్సరు తక్కువగా కానవచ్చినది.

అందరికిని ఇట్లే యగునా? అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, జర్మనీ దేశముల పరిశోధనలు పదింటిని కలిపి, వ్యాధిగ్రస్తులు 8,634 మందిని, వ్యాధి లేనివారు 8,553 మందిని పోల్చి 2015లో ఫలితము ప్రకటించిరి. మొత్తముమీద లాభమే కనబడినది. కాని 15వ క్రోమోజోమున ఒకచోట భేదముగల నూటికి 9 మందికి లాభము కానరాలేదు. 12వ క్రోమోజోమున అరుదైన భేదముగల నూటికి 4 గురిలో ముప్పు హెచ్చుగనే కనబడినది. వారందరును యూరోపు సంతతివారు. ఆ లెక్కను మనకు యథాతథముగా అన్వయింపరాదు.

ఇక లించి సిండ్రోమను వంశపారంపర్య దోషము కలదు. అది తల్లికిగాని తండ్రికిగాని యున్నచో, ప్రతి బిడ్డకును దిగుటకు సగము అవకాశము. అట్టివారు 861 మందిలో కొందరికి దినమునకు 600 మిల్లీగ్రాముల ఆస్పిరిను, తక్కినవారికి ఉత్తబిళ్ళ సుమారు రెండేండ్లు ఇచ్చిరి. సగటున పదేండ్లు గమనించి 2020లో ప్రకటించిన లెక్క యిది: ఆస్పిరిను తిన్నవారిలో నూటికి 9 మందికి, ఉత్తబిళ్ళవారిలో 13 మందికి ప్రేగు క్యాన్సరు వచ్చెను.

ఇది చదివి ఎవరును అంగడిలో బిళ్ళలు కొని దినదినము మ్రింగరాదు. ఆస్పిరిను కడుపులో పుండును, రక్తస్రావమును కలిగింపగలదు. వైద్యుని యనుమతి లేనిదే వలదు.

మేమెరిగిన ఒక రైతు మలములో నెత్తురు పడుచుండగా మొలలని తలచి, సిగ్గుచే ఏడాది దాచెను. వైద్యుని చేరునప్పటికి కాలము మించెను. ఆయన తండ్రియు ప్రేగువ్యాధితోనే పోయెనని పిమ్మట వింటిమి. ఆ మాట ముందే వైద్యుని చెవిని పడినయెడల ఆయనను ముందుగనే పరీక్షించియుందురు.

విత్తనపు మూటకు రకము పేరు వ్రాసి చీటీ కట్టుదుము గదా! వంశమునకును అట్టి చీటీ యుండవలయును. మీ యింట ఎవరికి, ఏ వయస్సున, ప్రేగు క్యాన్సరుగాని గర్భసంచి క్యాన్సరుగాని వచ్చెనో వ్రాసియుంచి వైద్యునకు చూపుడు.