చిప్పులూ ఓటేస్తాయి!

బెల్జియంలో 2003 మే 18న ఎన్నికలు జరిగాయి. బ్రసెల్స్ పక్కనున్న స్కార్‌బేక్‌లో ఓ అభ్యర్థికి వచ్చేందుకు వీల్లేనన్ని ఓట్లొచ్చాయి! మళ్లీ లెక్కపెడితే తేలిందేమిటంటే... సరిగ్గా 4096 ఎక్కువ.

కిటుకంతా ఆ అంకెలోనే ఉంది. మనకు ఒకట్లు, పదులు, వందల స్థానాలున్నట్టే కంప్యూటరుకు 1, 2, 4, 8... స్థానాలు. పదమూడో స్థానం విలువ 4096. అక్కడున్న సున్నా కాస్తా ఒకటైపోయిందన్నమాట! ప్రోగ్రాంలో తప్పేమీ దొరకలేదు. కాస్మిక్ కిరణాల వల్ల పుట్టిన కణమేదో చిప్‌ను తాకిందేమోనన్నది అనుమానం. రుజువైతే లేదు.

ఓట్లంటే మళ్లీ లెక్కపెట్టొచ్చు. ఎగిరే రాకెట్‌లో తప్పొస్తే? చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన శాటర్న్-5 కంప్యూటర్లో లాజిక్ సర్క్యూట్లను మూడేసి చొప్పున పెట్టారు. ఒకే లెక్కను మూడూ చేస్తాయి. రెండు 'ఒకటి' అని, ఇంకోటి 'సున్నా' అంటే, రెండింటి మాటే చెల్లుతుంది. తప్పు చెప్పినదాన్ని అప్పటికప్పుడు బాగుచేయక్కర్లేదు. ఇంతా చేస్తే ఈ తీర్పరి, మన ఇంజినీరింగ్ పిల్లలు మూడు ఆండ్ గేట్లు, ఒక ఆర్ గేటుతో ల్యాబ్‌లో కట్టేసే సర్క్యూటే! అదే చెడితే? దాన్నీ మూడు పెడతారు.

చిక్కల్లా ప్రోగ్రాంతోనే. అందులోనే తప్పుంటే అన్నీ ఏకగ్రీవంగా తప్పే చెబుతాయి. అందుకే అమెరికా స్పేస్ షటిల్‌లో నాలుగు కంప్యూటర్లకు ఒకే ప్రోగ్రాం పెట్టి, ఐదోదానికి వేరే సంస్థతో విడిగా రాయించారు. తీరా 1981 ఏప్రిల్ 10న, తొలి ప్రయోగం వేళ, ఆ నాలుగింటికీ ఐదోదానికీ టైమింగ్ కుదర్లేదు. ప్రయోగం ఆపేశారు. కొలంబియా రెండ్రోజుల తర్వాత ఎగిరింది.