గోదావరి ఇసుక కింద వేడినీటి దారి

అమెరికాలో ఫ్లోరిడాలోని ఎప్‌కాట్ వినోద ఉద్యానంలో 2023 అక్టోబరులో ‘జర్నీ ఆఫ్ వాటర్’ అనే నడకదారిని తెరిచారు. ‘మోవానా’ యానిమేషన్ చిత్రం స్ఫూర్తితో కట్టిన ఈ దారిలో ఎక్కడానికి బండ్లు ఉండవు. సందర్శకులు రాళ్ల మధ్య, చెట్ల మధ్య నడుచుకుంటూ పోతారు. చెయ్యి చాపితే నీటిధార స్పందిస్తుంది. వానగా కురిసిన నీరు వాగై, నదై, సముద్రమై, మళ్లీ ఆకాశానికి చేరే కథను పిల్లలు తడుస్తూ, ఆడుతూ తెలుసుకుంటారు. ఆ ఆట వెనక పంపులు, సెన్సర్లు, కంప్యూటర్ల పని ఉంటుంది.

మన బడి పుస్తకాల్లోని నీటి చక్రం పటమూ ఈ కథే చెబుతుంది. మేఘం, కొండ, నది, సముద్రం, మళ్లీ మేఘం. నేలలోకి ఇంకే నీటికి ఆ పటంలో ఒక చిన్న బాణం గుర్తు మాత్రమే దక్కుతుంది. ఆ బాణం ఎంత లోతుకు పోతుందో, అక్కడి నుంచి నీరు ఎలా తిరిగి వస్తుందో చూడాలంటే భద్రాచలం దాకా వెళితే చాలు. అక్కడ గోదావరి ఇసుకలో నీటి పాతాళ ప్రయాణం చేతికి తగులుతుంది. దానికి పంపులు అక్కర్లేదు.

ఎండ వేడి కాదు

భద్రాచలానికి సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున గుండాల ఉంది. ఖమ్మం జిల్లాలో ఉండిన ఈ ఊరు 2014లో పోలవరం ముంపు మండలాలతోపాటు ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. ఇప్పుడు ఎటపాక మండలంలో ఉంది. అలా రాములవారి గుడి తెలంగాణలో, వేడినీటి ఊటలు ఆంధ్రలో ఉండిపోయాయి. నది తగ్గి ఇసుక తిన్నెలు తేలే నెలల్లో ఇక్కడ చేతులతో గుంట తీస్తే వెచ్చని నీరు ఊరుతుంది. త్రిమూర్తులు ఇక్కడ స్నానమాడారని భక్తుల నమ్మకం. భద్రాద్రికి వచ్చిన యాత్రికుల్లో చాలామంది ఇటువైపూ వస్తారు.

గుంట తీసేటప్పుడు చేతిని గమనిస్తే సగం శాస్త్రం అక్కడే బోధపడుతుంది. పైపొర ఎండకు కాగిన పొడి ఇసుక. కాస్త లోతుకు పోతే తడి తగిలి చల్లబడుతుంది. ఊట ఉన్నచోట ఇంకా తవ్వితే మళ్లీ వెచ్చదనం మొదలవుతుంది. ఎండ వేడి అయితే కిందికి పోయేకొద్దీ తగ్గాలి గానీ పెరగకూడదు. అది పెరుగుతోందంటే వేడి పైనుంచి కాక కిందినుంచి వస్తోందన్నమాట. పక్కపక్క గుంటల్లో వేడి ఒకేలా ఉండనక్కర్లేదు. ఇసుక లోపల పారే చల్లని నది నీరు, కిందినుంచి ఎగసే వేడినీరు ఒక్కోచోట ఒక్కో పాళ్లలో కలుస్తాయి.

అగ్నిపర్వతం లేకుండానే

వేడినీరు అనగానే కింద అగ్నిపర్వతం ఉందేమోనని అనుమానం వస్తుంది. భారతదేశంలో క్రియాశీలంగా ఉన్న అగ్నిపర్వతం అండమాన్ సముద్రంలోని బారెన్ దీవిలోనే ఉంది. గోదావరి లోయ వేడికి మూలం వేరు. భూగర్భంలో మొదటినుంచీ నిలిచి ఉన్న ఉష్ణానికి, శిలల్లోని యురేనియం, థోరియం, పొటాషియం పరమాణువులు క్షయించడం వల్ల పుట్టే ఉష్ణం తోడవుతుంది. మామూలు నేలలో ప్రతి కిలోమీటరు లోతుకూ 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. ఉపరితలంలో సగటు ఉష్ణోగ్రత 27 డిగ్రీలనుకుంటే, నీరు 60 డిగ్రీలకు చేరాలంటే కిలోమీటరుకు పైగా లోతుకు దిగాలి. పైకి వచ్చేటప్పుడు కొంత చల్లబడుతుంది గనుక అసలు లోతు ఇంకా ఎక్కువే.

అంత లోతుకు దారి ఎక్కడిది? ప్రాణహిత–గోదావరి లోయ నది ఒక్కటే కోసి చేసిన లోయ కాదు. దీనికి ఈశాన్యాన బస్తర్, నైరుతిన ధార్వార్ ప్రాచీన శిలాఖండాలు ఉన్నాయి. ఆ రెండింటి నడుమ భూపటలం సాగి, సమాంతరమైన పగుళ్ల మధ్య నేల కుంగిపోయింది. ఇలా కుంగిన పల్లంలో సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట మొదలై గోండ్వానా కాలపు ఇసుక, బంక, అడవుల అవశేషాలు పొరలు పొరలుగా పేరుకున్నాయి. ఆ అడవులే నేటి బొగ్గు. 1871లో ఇల్లెందు దగ్గర డాక్టర్ విలియం కింగ్ బొగ్గును గుర్తించడంతో సింగరేణి బొగ్గు గనుల కథ మొదలైంది. గ్రానైటుతో పోలిస్తే బొగ్గు వేడిని చాలా తక్కువగా ప్రసరింపజేస్తుంది. అందుకే బొగ్గు, బంకరాతి పొరలు కింది వేడి త్వరగా పైకి పోకుండా దుప్పటిలా కప్పి ఉంచుతాయి.

ఈ పగుళ్లు పూర్తిగా నిద్రపోలేదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబరు 4 ఉదయం ఇదే లోయలో ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించింది. నేలను అదిలించే ఈ పగుళ్లే నీటికి మెట్లదారులు కూడా.

దిగిన వానే లేచిన ఊట

వేడి ఊటల నీరు భూగర్భంలో కొత్తగా పుట్టిందేమీ కాదు. ఆ సంగతిని ఐసోటోపులతో పట్టుకున్నారు. నీటి అణువుల్లో కొన్నిటిలో బరువైన హైడ్రోజన్, బరువైన ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. ప్రపంచమంతటా వాననీటిలో ఈ రెండింటి పాళ్లు ఒక స్థిరమైన నిష్పత్తిలో మారుతుంటాయని అమెరికన్ శాస్త్రవేత్త హార్మన్ క్రెయిగ్ 1961లో చూపించాడు. నేల వేడి చేసి పంపిన నీటిలోనూ ఆ వాన ముద్ర చెరగదు. రాళ్లతో చర్య వల్ల ఆక్సిజన్ పాళ్లు కొంచెం మారినా, హైడ్రోజన్ పాళ్లు దాదాపు అలాగే నిలుస్తాయి. ప్రపంచంలోని వేడి ఊటల్లో అత్యధికం ఇలా వాననీటివేనని ఈ పద్ధతితోనే తేలింది.

నీరు ఎంత లోతు చూసి వచ్చిందో దానిలో కరిగిన సిలికా చెబుతుంది. వేడి పెరిగేకొద్దీ రాతిలోని సిలికా ఎక్కువగా కరుగుతుంది. పైకి వచ్చి చల్లబడినా అది వెంటనే పేరుకుపోదు. కాబట్టి సీసాడు నీటిని ప్రయోగశాలలో పరీక్షిస్తే కింద ఎంత వేడి ఉందో అంచనా వేయవచ్చు.

నీరు పైకి రావడానికి రెండు బలాలు పనిచేస్తాయి. ఎత్తైన అడవి నేలల్లో ఇంకిన నీటి పీడనం మొదటిది. వేడెక్కి తేలికపడటం రెండోది. 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు నీరు 998 కిలోలు తూగితే, 60 డిగ్రీల దగ్గర 983 కిలోలే. తేడా ఒకటిన్నర శాతమే అయినా, కిలోమీటరు ఎత్తున నిలిచిన నీటి స్తంభానికి అది గట్టి తోపే. పైగా ఆ వేడిలో నీటి స్నిగ్ధత సగానికి పైగా తగ్గుతుంది. చల్లని నీరు కష్టంగా దూరే సన్నని పగుళ్లలో వేడినీరు సులువుగా జారిపోతుంది.

దీపం వెలిగించే ఊట

ఈ వేడిని పనికి పెట్టే ప్రయత్నమూ ఈ లోయలోనే జరిగింది. మణుగూరు దగ్గర పగిడేరులో భూమి నుంచి ఉబికి వచ్చే వేడినీటి ఆధారంగా సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. ఆ నీరు ఆవిరియై టర్బైను తిప్పేంత వేడిది కాదు. అందుకని తక్కువ వేడికే మరిగే సేంద్రియ ద్రవాన్ని మూసిన గొట్టాల్లో తిప్పి, వేడినీటితో ఆవిరి చేయించి, ఆ ఆవిరితో టర్బైను నడిపించే పద్ధతిని ఎంచుకున్నారు. 20 కిలోవాట్లు చిన్నదే అనిపించవచ్చు. కానీ 1904లో ఇటలీలోని లార్దెరెల్లోలో భూగర్భ ఆవిరితో వెలిగించింది అయిదు బల్బులే. అయినా భూతాప విద్యుత్తు అక్కడే మొదలైంది.

అడవి అనే తొలి గది

ఫ్లోరిడా నడకదారిలో నీరు గొట్టాల గుండా తిరిగి మొదటికి వస్తుంది. గోదావరి లోయలో ఆ పని చేసేవి అడవి, రాయి. టేకు, మద్ది, ఇప్ప, తునికి, వెదురు పెరిగే నేలలో ఆకుచెత్త వాన దెబ్బను ఆపుతుంది. వేళ్లు చేసిన రంధ్రాల్లోంచి నీరు మెల్లగా దిగుతుంది. చదరపు కిలోమీటరు నేలలో ఒక్క మిల్లీమీటరు వాన ఇంకినా పది లక్షల లీటర్లు లోనికి పోయినట్టే. చెట్టు పోయి నేల గట్టిపడితే ఆ నీరంతా వాగై పారిపోతుంది, వరదకు తోడవుతుంది. భద్రాచలం దగ్గర గోదావరి 1986లో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. అలాంటప్పుడు ఊటలున్న ఇసుక తిన్నెలు ప్రవాహం అడుగున ఉంటాయి.

గుండాలలో ఖరీదైన ప్రదర్శనశాల కట్టనవసరం లేదు. లోయ అడ్డుకోతను చూపే పటం, లోతుతో పెరిగే వేడిని వివరించే బోర్డు ఒడ్డున పెడితే చాలు. 44 డిగ్రీలు దాటిన నీరు చర్మాన్ని నొప్పిస్తుంది గనుక, చేయి పెట్టే ముందు కొలవమన్న హెచ్చరిక కూడా ఉండాలి. ఎటపాక, భద్రాచలం బడిపిల్లలు నది తగ్గిన నెలల్లో థర్మామీటరుతో ఊటల వేడిని కొలిచి నోటుబుక్కులో రాసుకోవచ్చు. భూకంపాల తర్వాత ఊటల వేడి, ప్రవాహం మారడం లోకంలో చాలాచోట్ల నమోదైంది. ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా రాసిన అంకెలుంటేనే అలాంటి మార్పు ఇక్కడ కనబడుతుంది. అలా కొలిచిన పిల్లలు ఇకపై నీటి చక్రం బొమ్మ గీస్తే, నేలలోకి దిగే బాణం కిలోమీటరు లోతు దాకా పోతుంది. దాని మొదట్లో అడవి కూడా ఉంటుంది.