బొమ్మరైలు నేర్పు పాఠము

హైదరాబాదు నగరమునకు పశ్చిమదిశను మణికొండ యను ప్రాంతము గలదు. ఒకప్పుడు చిన్న గ్రామముగా నుండిన యీ చోట నేడు ఎటు చూచినను ఎత్తైన భవనములు నిలిచియున్నవి. గచ్చిబౌలి, మాదాపురము, హైటెక్ సిటీ దీనికి సమీపముననే యున్నవి. 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ అను భవనము ప్రారంభమైనది మొదలు ఈ పరిసరము లన్నియు కంప్యూటరు పరిశ్రమకు నిలయములైనవి. అయితే మణికొండ మీదుగా రైలుమార్గము లేదు. రైలెక్కదలచినవారు హైటెక్ సిటీ స్టేషనునకో, లింగంపల్లికో పోవలెను.

అట్టి చోట నివసించు బాలురకును బాలికలకును రైలుబండిపై మక్కువ గలిగినచో ఏమి చేయవలెను? ఇంటిలోని యొక గదియందే రైలుమార్గమును నిర్మించుకొనవచ్చును. బొమ్మరైలు నడపుట పసిపిల్లల యాటవలె కనబడును. కాని దానిని శ్రద్ధతో నిర్మించువారికి వడ్రంగము, గణితము, విద్యుచ్ఛాస్త్రము అను మూడును కొంత కొంత అలవడును. అంతకంటె విలువైన పాఠ మొకటి దానియందు దాగియున్నది. ఆ పాఠము పట్టాలు చీలుచోట, పలక అడుగున అమర్చు చిన్న మోటారునందు కలదు.

ముందుగా ప్రమాణమును నిర్ణయించుకొనవలెను. లోకమున ఎక్కువమంది వాడునది హెచ్.ఓ. అను ప్రమాణము. ఇందు నిజమైన రైలులోని 87 మీటర్లు నమూనాలో ఒక మీటరగును. రెండు పట్టాల నడిమి వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. దీనిని 87చే హెచ్చించిన సుమారు 1,435 మిల్లీమీటర్లు వచ్చును. ఐరోపాలోను అమెరికాలోను వాడుకలో నున్న రైలుమార్గపు వెడల్పు ఇదియే. 2019లో రాయదుర్గము వఱకు వచ్చిన హైదరాబాదు మెట్రోరైలు పట్టాల వెడల్పును ఇంతియే. కాని మన దేశపు బ్రాడ్‌గేజి వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. దానిని 87చే భాగించినచో 19 మిల్లీమీటర్లకు కొంచెము మించును. కావున హెచ్.ఓ. పట్టాలపై మెట్రోరైలు సరిగా అమరును గాని, గోదావరి ఎక్స్‌ప్రెస్సు నమూనాను నిలిపినచో పట్టాలు కొంత ఇఱుకుగా తోచును. గది చిన్నదైనచో ఎన్. అను ప్రమాణమును ఎన్నుకొందురు. ఇందు 160వ వంతు పరిమాణమున బండ్లు చేయబడును. పట్టాల వెడల్పు 9 మిల్లీమీటర్లు మాత్రమే.

తరువాత పీఠమును సిద్ధము చేయవలెను. అంగడిలో 8 అడుగుల పొడవును 4 అడుగుల వెడల్పును గల ప్లైవుడ్డు పలకలు దొరకును. 45 సెంటీమీటర్ల వ్యాసార్ధము గల వలయమునకు 90 సెంటీమీటర్ల వెడల్పు చాలును గనుక, 4 అడుగుల పలకపై హెచ్.ఓ. రైలు సుఖముగా తిరుగును. పలక వంగకుండుటకు దాని క్రింద కఱ్ఱచట్రమును, అడ్డకమ్ములను బిగింతురు. ఇక్కడనే తొందరపడువారు తప్పు చేయుదురు. పట్టాలు ఎచ్చట చీలునో కాగితముపై గీచి చూచుకొనక అడ్డకమ్ములను బిగించినచో, మోటారు నమర్చవలసిన చోటనే కమ్మి అడ్డుపడును. పై పనికి ముందే క్రింది పనిని ఆలోచించుట నేర్పరి లక్షణము.

రైలుబండికి మోటారుకారునకువలె త్రిప్పుటకు చక్రము లేదు. పట్టాలు ఎటు తీసికొనిపోయిన అటు పోవుటయే దాని ధర్మము. ఒక మార్గమునుండి మఱియొక మార్గమునకు బండిని మఱలించు ఏర్పాటును రైల్వేవారు పాయింటు అందురు. ఇందు ప్రక్కలనున్న రెండు పట్టాలు కదలవు. వాని లోపల మొనదేలిన రెండు పట్టాలు మాత్రము కదలును. ఈ రెంటిని ఒక అడ్డకడ్డీ కలుపును. కడ్డీ ఇటు జరిగినచో కుడిమొన తన ప్రక్క పట్టాను అంటుకొనును, ఎడమమొన తన పట్టాకు ఎడమగును. అటు జరిగినచో దీనికి విపర్యయము. రైలుచక్రములకు లోపలివైపున అంచులుండును. ఆ అంచులు అంటుకొనిన మొనవెంట మఱలి, తెఱచియున్న సందుగుండ సాగిపోవును.

పాయింటునకు ఉండదగిన స్థితులు రెండే: నేరుమార్గము, ప్రక్కమార్గము. మూడవ స్థితి యొకటి కలదు. అది నడిమి స్థితి. మొన యేదియు పట్టాను పూర్తిగా అంటక నడుమ నిలిచినచో, ముందు చక్రము ఒక దారిని, వెనుక చక్రము వేఱొక దారిని పట్టును. బండి పట్టాలు తప్పును. బొమ్మరైలైనచో దానిని చేతితో ఎత్తి మరల నిలుపవచ్చును. నిజమైన రైలునకు అట్టి యవకాశము లేదు.

పలక చిన్నదైనచో పాయింటును వ్రేలితోనే జరుపవచ్చును. కాని మార్గము పెద్దదైన కొలది చేయి అందదు. అప్పుడు మోటారు అవసరమగును. బొమ్మరైళ్లకు వాడు పాయింటు మోటార్లు ముఖ్యముగా రెండు విధములు. మొదటిదానియందు రెండు రాగితీగచుట్టలును, వాని నడుమ ఒక ఇనుపకడ్డీయు నుండును. ఒక చుట్టలో విద్యుత్తు ప్రవహించినచో అది అయస్కాంతమై కడ్డీని తనవైపునకు లాగును. రెండవ చుట్టలో ప్రవహించినచో కడ్డీ ఆవైపునకు పోవును. పని రెప్పపాటులో ముగియును. అంతకు మించి విద్యుత్తు నిలిచినచో సన్ననితీగ వేడెక్కి మాడిపోవును. ఈ ప్రమాదమును తప్పించుటకు కండెన్సరును వాడుదురు. ఇంటి పంకాలలో చూచు కండెన్సరునకు ఇది దాయాది. 4,700 మైక్రోఫారడ్లవంటి పెద్ద కండెన్సరు విద్యుత్తును మెల్లగా కూడబెట్టుకొని, బొత్తాము నొక్కగానే ఒక్కమాఱుగా విడుచును. దెబ్బ బలముగా పడును. నిలువ అంతటితో అయిపోవును గనుక చుట్ట మాడదు.

రెండవ విధము మెల్లగా కదలు మోటారు. ఇది 12 వోల్టుల విద్యుత్తుతో పండ్లచక్రములను త్రిప్పి, రెండు మూడు సెకనులలో పాయింటును జరుపును. విద్యుత్తు దిశను మార్చినచో మోటారు ఎదురుదిశకు తిరుగును. పాయింటు చివరకు చేరిన పిదప మోటారు ఆగిపోయినను, దానిలో స్వల్పముగా విద్యుత్తు ప్రవహించుచునే యుండును. అది 20 మిల్లీ ఆంపియర్లకు లోబడియుండుటచే మోటారునకు హాని లేదు. పైగా మొనను పట్టాకు అదిమి పట్టియుంచును. వెల యెక్కువైనను చాలమంది దీనినే కోరుదురు.

మోటారు నమర్చుట ఓర్పుతో చేయవలసిన పని. పట్టాలను పఱచుటకు ముందే, అడ్డకడ్డీ వచ్చుచోట పలకకు సుమారు 10 మిల్లీమీటర్ల రంధ్రము చేయవలెను. రంధ్రపు అంచులను గరుకుకాగితముతో నునుపు చేయవలెను. పాయింటును నడిమి స్థితిలో నుంచి, మోటారు కఱ్ఱను కూడ నడుమనుంచి, దానినుండి వచ్చు ఉక్కుతీగను అడ్డకడ్డీ రంధ్రములో దూర్చవలెను. మొదట మోటారును అంటుపట్టీతో నిలిపి రెండువైపులకు జరిపి చూచి, సరిగా నున్నదని తెలిసిన పిదపనే మఱలు బిగింపవలెను. మఱలు పలక మందముకంటె పొట్టివిగా నుండవలెను. లేనిచో పైకి పొడుచుకొని వచ్చును. తీగల కన్నిటికి వేఱు వేఱు రంగు లుంచి, ఏ తీగ ఏ పాయింటునకో చీటీ కట్టుట మఱవరాదు. చివరగా పట్టాల నడుమ సన్నకంకర పోసి బంక పోయునప్పుడు, అది మొనలకడకు పాఱకుండ జాగ్రత్తపడవలెను.

ఇంతవఱకు చేసినవాడు బొత్తామును నొక్కును. పలక క్రింద టక్కుమను శబ్దము వినబడును. పని జరిగినదని యతడు నమ్మును. కాని ఆవగింజంత కంకరరాయి మొనకును పట్టాకును నడుమ చిక్కుకొనినది. శబ్దము వచ్చినది, మొన మాత్రము అంటలేదు. ఇంజను వచ్చి పట్టాలు తప్పును. ఆజ్ఞ యిచ్చుట వేఱు, ఆజ్ఞ నెఱవేఱుట వేఱు. నొక్కిన బొత్తాము సాక్ష్యము కాదు. అంటిన మొనయే సాక్ష్యము. దీనిని పరీక్షించుటకు సులభమైన యుపాయ మొకటి కలదు. సన్నని కాగితపు ముక్కను మొనకును పట్టాకును నడుమ నుంచి పాయింటును మూయవలెను. లాగినపుడు కాగితము గట్టిగా పట్టుకొనినచో మొన సరిగా అంటినదని తెలియును. సులువుగా జాఱివచ్చినచో మోటారును మరల సరిచేయవలెను.

నిజమైన రైల్వేలును ఈ పాఠమునే నేర్చుకొన్నవి. పూర్వము కేబిన్‌లోని మనుష్యుడు లీవరును లాగగా పొడవైన ఇనుపకడ్డీలు పాయింటును జరిపెడివి. 1856లో ఇంగ్లండునందు జాన్ సాక్స్‌బీ అను నతడు పాయింట్లను సిగ్నళ్లను ఒకదానితో నొకటి ముడిపెట్టు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. నేడు మన దేశమున చాల స్టేషనులలో 110 వోల్టుల మోటార్లు పాయింట్లను జరుపుచున్నవి. ఆ యంత్రము తాళము తీయును, మొనలను జరుపును, మరల తాళము వేయును. అంతటితో దాని పని ముగియదు. మొన నిజముగా అంటినదా, తాళము పడినదా యని తెలుపు విద్యుత్తు స్పర్శలు దానియందే కలవు. ఆ సాక్ష్యము అందువఱకు సిగ్నలు పచ్చదీపము చూపరాదు.

ఆ సాక్ష్యము సత్యమా కాదా యనుటకును పరీక్ష కలదు. మొనకు 150 మిల్లీమీటర్ల దూరమున, 5 మిల్లీమీటర్ల మందము గల ముక్కను పట్టాల నడుమ నుంచి పాయింటును మూయ యత్నింతురు. అప్పుడు తాళము పడరాదు. మూసికొనినట్లు సూచన రారాదు. వేలకొలది టన్నుల బండి నడచు మార్గమున 5 మిల్లీమీటర్ల సందును గూర్చి ఇంత పట్టుదల వహింతురు. బాలుని కాగితపు ముక్కకును ఈ ఉక్కుముక్కకును ఉద్దేశ మొక్కటియే.

ఈ నియమము తప్పినచో ఏమగునో 2023వ సంవత్సరము జూన్ 2వ తేదీ సాయంకాలము దేశమంతయు చూచినది. ఒడిశా రాష్ట్రమున బాలాసోరు జిల్లాలోని బహానగా బజారు స్టేషనునొద్ద, విశాఖపట్టణము మీదుగా చెన్నైకి రావలసిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్సునకు నేరుమార్గమున పోవచ్చునని పచ్చదీపము కనబడినది. కాని పాయింటు ప్రక్కనున్న లూపులైనునకు మఱలియుండెను. బండి ఆ లైనులో నిలిచియున్న గూడ్సురైలును ఢీకొనెను. పట్టాలు తప్పిన పెట్టెలు, ఆ సమయముననే ప్రక్కలైనుపై పోవుచున్న బెంగుళూరు–హౌరా ఎక్స్‌ప్రెస్సు చివరి పెట్టెలకు తగిలెను. 290 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. అచ్చటి సిగ్నలు తీగల యేర్పాటును మార్చునప్పుడు జరిగిన లోపములే ఇందులకు కారణమని రైల్వే భద్రతాధికారి విచారణలో తేలెను. పాయింటు చెడిపోలేదు, సిగ్నలు దీపమును వెలుగక మానలేదు. పాయింటునుగూర్చిన సాక్ష్యము మాత్రము అసత్యమయ్యెను.

కావుననే సిగ్నలు విద్యను రైల్వేలు మిక్కిలి శ్రద్ధతో బోధించును. ఈ విద్యకు ప్రధానమైన శిక్షణసంస్థ ఇరిసెట్ అనునది 1957లో సికిందరాబాదున స్థాపింపబడెను. దేశము నలుమూలలనుండి సిగ్నలు ఉద్యోగులు వచ్చి అచ్చట శిక్షణ పొందుదురు. నడచు రైళ్లపై తప్పులు చేసి నేర్చుకొనుట కుదరదు గనుక, ప్రయోగశాలలలోను నమూనాలపైనను నేర్చుకొందురు.

బొమ్మరైలు నిర్మించువారును ఇట్టి సాక్ష్యమును ఏర్పాటు చేసికొనవచ్చును. చాల మోటార్లకు ప్రక్కన అదనపు స్పర్శలుండును. వానికి రెండు చిన్న దీపములను కలిపి, మార్గపు పటముపై అమర్చవలెను. బొత్తాము నొక్కగానే కాక, మోటారు చివరకంట జరిగిన పిదపనే దీపము వెలుగవలెను. అంతకంటె మేలైనది, మొన పట్టాను అంటిన పిదపనే వెలుగునట్లు చేయుట. దీపము వెలుగనిచో బండిని కదల్పరాదను నియమమును ఇంటిలోనివా రందఱును పాటింపవలెను.

ఇట్టి తీగలతో ప్రారంభించినవారు ఎంతదూరము పోగలరో చెప్పుటకు అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థయే నిదర్శనము. అచ్చట 1946–47 విద్యాసంవత్సరమున విద్యార్థులు నమూనారైళ్ల సంఘము నొకదానిని నెలకొల్పిరి. కొందఱు బండ్లకు రంగులు వేయుటయందు ఆసక్తి చూపిరి. మఱికొందఱు పలక అడుగున చేరి, టెలిఫోను కార్యాలయములలో వాడు రిలేలతో పాయింట్లను విద్యుత్తును శాసించు తీగల వల అల్లిరి. పాయింటునకు రెండు స్థితులు, రిలేకును రెండే, కంప్యూటరులోని ప్రతి అంకెకును రెండే. ఆ విద్యార్థులలో పలువురు 1950వ దశకపు చివర తమ విద్యాసంస్థలోని కంప్యూటరులను సమీపించి, ప్రోగ్రాములు వ్రాయుటలో తొలితరము నేర్పరులైరి. 1962లో స్పేస్‌వార్ అను తొలినాటి కంప్యూటరు ఆటను రూపొందించినవారిలో కొందఱు ఆ సంఘమునకు చెందినవారే.

నేడు మణికొండ మేడలలో నివసించువారిలో ఎందఱో ప్రోగ్రాములు వ్రాయుటయే వృత్తిగా గలవారు. వారు వ్రాయునవియు ఆజ్ఞలే. ఆజ్ఞ నెఱవేఱినదో లేదో చూచుకొనక ముందునకు సాగు ప్రోగ్రాము, మొన యంటకమునుపే సిగ్నలు నిచ్చిన స్టేషనువంటిది. కావున ఆ యింటి గదిలో పలక క్రింద పరుండి, కాగితపు ముక్కను లాగి చూచుచున్న బాలిక కేవలము ఆడుకొనుచున్నదని తలంపరాదు. పని పూర్తియైనదని చెప్పుటకు ముందు, అది నిజముగా పూర్తియైనదా యని తన కన్నులతో చూచుకొను నలవాటు ఆమెకు అప్పుడే యలవడుచున్నది.